చిత్తడి నేలల మీథేన్: ఒక బకెట్, ఒక బుడగ

(విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బల్ల మీద బోర్లించిన బకెట్ ఎందుకా అని అందరూ దానివైపే చూస్తున్నారు. ఎవరో మరచిపోయి వదిలేసింది కాదండి. ఈ సాయంత్రం మాటలన్నీ దాని చుట్టూనే. అమెజాన్ వరద మైదానం కానివ్వండి, దక్షిణ సూడాన్‌లో తెల్ల నైలు నది పరుచుకునే సద్ద్ కానివ్వండి, మన పక్కనున్న కొండకర్ల ఆవ కానివ్వండి, నీటి మీంచి గాలిలోకి ఎంత మీథేన్ పోతోందో దగ్గరుండి కొలవాలంటే పని ఇలాంటి డొల్ల పాత్రతోనే మొదలవుతుంది.

ముందు మాట విషయం. నీళ్లు నిలిచే పల్లపు నేలకి మనకు మంచి పేరుంది: ఆవ. గోదావరి జిల్లాల్లో ఆవ భూములంటారు, ఇక్కడ కొండకర్ల ఆవ ఉండనే ఉంది. చిత్తడి నేల అన్నది పుస్తకాల మాట. నేను రెండూ వాడతాను. నదీ చిత్తడి అంటే ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉండే చెరువు కాదు. నది పొంగితే మునిగి, తీస్తే బయటపడే నేల. అమెజాన్ మధ్యభాగంలో మనౌస్ దగ్గర నీటిమట్టం ఏడాదిలో పది మీటర్ల దాకా లేచి దిగుతుంది. ఈ లేవడం, దిగడం గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

గాలి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో మీథేన్ సుమారు 720 పిపిబి, అంటే వంద కోట్ల పాళ్ల గాలిలో 720 పాళ్లు. ఇప్పుడు 1,900 దాటింది. 1999 నుంచి 2006 దాకా దాదాపు నిలకడగా ఉండి, 2007లో మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. 2020, 2021లో కొలతలు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత వేగంగా ఎగబాకింది. నూరేళ్ల లెక్కలో టన్నుకు టన్ను కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు వేడి పెంచే వాయువు ఇది.

ఈ పెరుగుదల ఎవరి పని? సూక్ష్మజీవులు తయారుచేసిన మీథేన్‌లో కార్బన్-13, అంటే మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన కార్బన్, తక్కువగా ఉంటుంది. గ్యాస్ బావులు, బొగ్గు గనుల నుంచి వచ్చేదాంట్లో కాస్త ఎక్కువ. 2007 నుంచి గాలిలోని మీథేన్‌లో కార్బన్-13 పాలు తగ్గుతూ వస్తోంది. కాబట్టి పెద్ద వాటా సూక్ష్మజీవులదే. కానీ ఆవు పొట్ట, చెత్త దిబ్బ, వరి మడి, ఆవ నేల అన్నీ సూక్ష్మజీవుల కార్ఖానాలే గనక, ఈ ఒక్క సాక్ష్యంతో వీటిని విడదీయలేం. ప్రపంచం మొత్తం ఏటా వదిలేది 60 కోట్ల టన్నులకు అటూ ఇటూ. అందులో చిత్తడి నేలల వాటా 15 నుంచి 18 కోట్ల టన్నులని అంచనా, దాంట్లో మూడింట రెండొంతులు ఉష్ణమండలానిది. మిగతా పద్దులన్నిటికంటే ఎక్కువ తేడాలొచ్చే పద్దు కూడా ఇదే. ఎందుకు తేడాలొస్తాయో చూద్దాం. నా వాదన ముందే చెప్పేస్తాను: బురదలో ఎంత పుట్టిందన్నదానికంటే, పుట్టింది ఏ దారిన, ఏ గడియలో బయటికొచ్చిందన్నదే లెక్కను తేలుస్తుంది. మనం కొలిచే పద్ధతులు చాలావరకు ఆ దారినీ ఆ గడియనీ తప్పించుకుపోయేలా ఉన్నాయి.

బురదలో జరిగేది పెళ్లి భోజనాల బంతిలాంటిది. ఆకులు, వేళ్లు, పేడ, వరద తెచ్చిన చెత్త అంతా విందు. తినడానికి ఎవరి సాధనం వాళ్లకు కావాలి. మొదటి బంతి ఆక్సిజన్‌తో బతికేవాళ్లది. నీళ్లు నిలిచిన నేలలో ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. తర్వాత నైట్రేట్ వాడేవాళ్లు, మాంగనీస్ వాడేవాళ్లు, ఇనుము వాడేవాళ్లు, సల్ఫేట్ వాడేవాళ్లు వరసగా కూర్చుంటారు. అందరూ లేచాక ఆఖరి బంతి మీథేన్ చేసే ఆర్కియాలది, అంటే బ్యాక్టీరియాలా కనిపించే వేరే జాతి సూక్ష్మజీవులది. మిగిలిన ఎసిటేట్, హైడ్రోజన్ వీళ్లకు దక్కుతాయి. అందుకే వరదొచ్చిన రోజే మీథేన్ రాదు. ముందు బంతులు ముగియాలి. ఇనుము దండిగా ఉన్న ఎర్రనేలల్లో ఇంకా ఆలస్యం. నేల ఎండి పగుళ్లిచ్చిందంటే గాలి తగిలి ఇనుము మళ్లీ తుప్పుగా మారుతుంది, సల్ఫైడ్ మళ్లీ సల్ఫేట్ అవుతుంది. అంటే విస్తళ్లు మళ్లీ మొదటి నుంచి వెయ్యాల్సిందే. ఏటా ఎండే ఆవకీ, ఎప్పుడూ ఎండని ఆవకీ ఇక్కడే తేడా.

సముద్రం పక్కనుంటే కథ మారుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 28 మిల్లీమోల్ సల్ఫేట్ ఉంటుంది (మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలత). సల్ఫేట్ బంతివాళ్లకు అది తరగని సరుకు, వాళ్లు లేస్తేగా! లవణీయత వెయ్యి పాళ్లకు 18 దాటిన ఉప్పు చిత్తడుల్లో మీథేన్ బాగా పడిపోతుందని ప్రపంచవ్యాప్త కొలతలు చెబుతున్నాయి. కోరంగి మడ అడవుల బురద కంపు కొడుతుంది గదా అని అక్కడ మీథేన్ దండిగా ఉందనుకోకండి. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, సల్ఫేట్ బంతి నడుస్తోందనడానికి గుర్తు. మీథేన్‌కి అసలు వాసనే లేదు.

పుట్టిన మీథేన్‌కి బయటికి మూడు దారులు. నీళ్లలో కరిగి మెల్లగా పైకి పాకడం ఒకటి. ఈ దారిలో వెళ్లేది చాలావరకు బయటపడదు. బురద పైపొరలో మిల్లీమీటర్ల మందాన ఆక్సిజన్ ఉన్నచోట మీథేన్ తినే బ్యాక్టీరియా కాపలా ఉంటాయి. పాకి వచ్చినదాంట్లో 90 శాతం దాకా అవి మింగేయగలవు. పైగా నీళ్లలో వాయువు కదిలే వేగం గాలిలోకంటే సుమారు పదివేల రెట్లు తక్కువ, కాబట్టి కాపలావాళ్లకు తీరిక ఎక్కువ.

రెండో దారి మొక్కలు. తుంగ, జమ్ము, తామర, కలువ, వరి వీటన్నిటి కాడల్లో గాలి గొట్టాలుంటాయి. వేళ్లకు ఆక్సిజన్ పంపడానికి కట్టుకున్న ఆ గొట్టాల్లోంచే మీథేన్ కాపలాను తప్పించుకుని పైకి వస్తుంది. కొండకర్ల ఆవలో తాటిదోనె ఎక్కి తామరల్లోకి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఎండెక్కాక, నీటికి పైన నిలబడ్డ తామరాకు నడిబొడ్డులో, కాడ అతుక్కున్న చోట, తెల్లటి చిన్న గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. అక్కడ దోసెడు నీళ్లు పోయండి. నీళ్లు ముత్యంలా అటూ ఇటూ దొర్లి బొడ్డులో నిలుస్తాయి. కాసేపటికి ఆ నీళ్లలోంచి చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఆకు ఎండకు వేడెక్కి పీల్చుకున్న గాలి లోపల ఒత్తిడి పెంచి, కాడల్లోంచి కిందికెళ్లి, దుంప దాకా పోయి, ఇంకో కాడగుండా పైకొచ్చి ఆ మచ్చ దగ్గర బయటపడుతోంది. వస్తూ వస్తూ బురదలోని మీథేన్‌నీ మోసుకొస్తుంది. ఎండ మీద నడిచే యంత్రం గనక పగలు ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి దిగి పన్నెండింటికి గట్టెక్కే కొలతలతో ఒక రోజు లెక్క రాయడంలో ఉన్న చిక్కు ఇదే.

చెట్లు కూడా ఇదే పని చేస్తాయి. సునీత పంగల, సహపరిశోధకులు అమెజాన్ ముంపు అడవుల్లో రెండువేలకు పైగా చెట్ల మానుల మీద కొలిచి 2017లో ప్రచురించిన ఫలితం చాలామంది లెక్కల్ని తిరగరాయించింది. ఆ చెట్ల మానుల నుంచి మాత్రమే ఏటా కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నులు. అమెజాన్ పరీవాహకం మొత్తం లెక్కలో దాదాపు సగం. అంతకుముందు గాలిలో కనిపించిన మీథేన్‌కీ, నీటి మీద కొలిచినదానికీ పొంతన కుదరకపోవడానికి కారణం అదే. అందరూ బకెట్లను నీళ్ల మీద పెట్టారు, మాను మీద పెట్టలేదు. మానులో కూడా నీటిమట్టానికి దగ్గర్లో ఎక్కువ, పైకి పోయేకొద్దీ గబగబా తగ్గుతుంది. కాబట్టి ఏ ఎత్తులో కొలిచారో రాయని మాను కొలత పనికిరాదు.

మూడో దారి బుడగ. కాపలావాళ్లకు అస్సలు చిక్కనిది ఇదే. బురద నుంచి పైకి కొద్ది మీటర్లే గనక సెకన్లలో బయటపడుతుంది, నీళ్లలో కరిగే వ్యవధి ఉండదు. బుడగలు ఎప్పుడు లేస్తాయి? వాటి మీద బరువు తగ్గినప్పుడు. ఒక హెక్టోపాస్కల్ గాలి ఒత్తిడి అంటే సెంటీమీటరు నీటి బరువు. ఈ ఊరికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఇక్కడ తీరం దాటినప్పుడు తుపాను కేంద్రంలో ఒత్తిడి 950 హెక్టోపాస్కళ్ల దాకా పడిపోయిందని అంచనా. మామూలుగా ఉండేది 1,008 చుట్టుపక్కల. అంటే తుపాను కన్ను కిందున్న ఏ చెరువు మీంచయినా అర మీటరుకు పైగా నీళ్లు ఒక్కసారిగా తోడేసినంత పని. వాన నీళ్లు చేరి కొంత బరువు మళ్లీ పెరుగుతుంది, అది వేరే. ఆ వేళ దోనె వేసుకుని బకెట్ పట్టుకెళ్లే మొనగాడు ఎవరూ ఉండరు గనక (నవ్వులు) అలాంటి గంటలు లెక్కల్లోకి ఎక్కవు. తుపాను లేకున్నా, వరద తీసే రోజుల్లో నీళ్లు మీటర్ల లెక్కన దిగుతుంటే బురద అదే తీరుగా ఊపిరి వదులుతుంది. పొంగేటప్పుడు కొలిచిన లెక్క తీసేటప్పటికి వర్తించదు.

ఇక బకెట్. ఇది 20 లీటర్లది, మూతి అడ్డకొలత 30 సెంటీమీటర్లు. అడుగున, అంటే బోర్లిస్తే పైన, రెండు రంధ్రాలు. ఒకదానికి రబ్బరు బిరడా, అందులో మూడు దారుల స్టాప్‌కాక్. సెలైన్ ఎక్కించేటప్పుడు వాడే రకమే, మందుల షాపులో అడిగితే ఇస్తారు. రెండోదానికి సన్నటి పొడవాటి గొట్టం, లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడి సమానం చేయడానికి. ఇది లేకపోతే బకెట్ నీటి మీద పెట్టిన అదుటుకే లోపలి గాలి కిందికి నొక్కుతుంది, సిరంజితో లాగినప్పుడు పైకి పీలుస్తుంది. రెండూ తప్పే. చుట్టూ గాలి నింపిన సైకిల్ ట్యూబు, అంచు రెండు సెంటీమీటర్లు మాత్రం మునిగేలా. పైన వెండిరంగు రేకు కాగితం. మన ఎండకి అది చుట్టకపోతే పావుగంటలో లోపల ఆవిరి స్నానమే. అయితే ఆకులున్న చోట చీకటి చేస్తే మొక్క యంత్రం ఆగిపోతుంది. అక్కడ పారదర్శకమైన పాత్ర వాడి, లోపలి వేడిని కొలిచి సరిచేసుకోవాలి.

పెట్టిన క్షణాన ఒకటి, తర్వాత అయిదేసి నిమిషాలకు ఒకటి చొప్పున ఇరవై నిమిషాల్లో అయిదు నమూనాలు. సిరంజిని రెండు మూడు సార్లు లోపలికీ బయటికీ ఆడించి, గాలి కలిశాక లాగాలి. ముందు కొంచెం వదిలేసి, సూది కడిగి, 20 మిల్లీలీటర్లు తీసుకుని, ముందే గాలి తీసేసిన 12 మిల్లీలీటర్ల సీసాలోకి మొత్తం నొక్కాలి. సీసా కంటే గాలి ఎక్కువెందుకంటారా? దారిలో బిరడా కొంచెం కారినా లోపలిది బయటికి పోతుందే తప్ప బయటిది లోపలికి రాదు. పాళ్లు చెడవు. సిరంజిలోనే వదిలేసి మర్నాడు చూద్దాంలే అన్నవాళ్ల నమూనా మర్నాటికి మెల్లగా బయటి గాలిలా మారిపోయి ఉంటుంది.

ఉదాహరణకి, మొదట 2 పిపిఎం, అంటే పది లక్షల పాళ్లలో 2 పాళ్లు, ఉన్నది ఇరవై నిమిషాలకు 12 అయిందనుకుందాం. నిమిషానికి అర పిపిఎం. మునిగిన అంచు పోగా లోపలి గాలి 18.6 లీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఒక మోల్ గాలి 24.9 లీటర్లు. మూతి వైశాల్యం 0.0707 చదరపు మీటర్లు. గుణించి భాగిస్తే గంటకు చదరపు మీటరుకు సుమారు 5 మిల్లీగ్రాములు, రోజుకు 120. ఈ లెక్కలో ఎక్కువమంది కాలు జారేది పరిమాణం దగ్గర. బకెట్ పైన వెడల్పు, కింద ఇరుకు. దాన్ని స్తంభంలా ఊహించి ఎత్తుతో గుణిస్తే తప్పొస్తుంది. గుర్తు దాకా నీళ్లు పోసి తూకం వేయండి, కిలోకి లీటరు.

ఇప్పుడు ఆ ఇరవై నిమిషాల్లో ఒక్క బుడగ వచ్చి బకెట్లో పడిందనుకోండి. సెంటీమీటరు అడ్డకొలత ఉన్న బుడగ, అర మిల్లీలీటరు. అందులో 60 శాతం మీథేన్ అనుకుంటే 0.31 మిల్లీలీటర్లు. 18.6 లీటర్లలో అది 17 పిపిఎం. ఇరవై నిమిషాలు కష్టపడి పాకి వచ్చినది మొత్తం 10. ఉసిరికాయ కంటే చిన్న బుడగ ఒక్కటి దాన్ని మించిపోయింది! అయిదు చుక్కల గీత తిన్నగా రాకుండా మధ్యలో మెట్టులా లేస్తుంది. ఇక్కడే అసలు నష్టం. గీత వంకరగా ఉంది, ఈ కొలత చెడిపోయింది అని తీసి పారేసే అలవాటు బాగా పాతుకుపోయింది. అలా చేస్తే తవుడుతోపాటు బియ్యమూ పోతాయి.

అలాగని మెట్లన్నీ నమ్మకూడదు కూడా. లంగరు బురదలో పడేసినా, లోతులేని చోట తెడ్డుతో పొడిచినా, దోనెలోవాళ్లు ఒక పక్కకు లేచినా బురద కదిలి బుడగలు లేస్తాయి. ఆ మెట్టు మన పుణ్యమే. ఆనవాలేమిటంటే, మనం లేపిన బుడగ సాధారణంగా మొదటి నమూనాలోనే దొరికిపోతుంది. మొదటి చుక్కే 2 బదులు 8, 10 ఉంటే ఆ కొలత మళ్లీ చేయాలి. మధ్యలో వచ్చిన మెట్టును మాత్రం ఉంచాలి. గెడ కట్టి, తాడు మీద బకెట్‌ని దూరంగా వదిలి, పావుగంట కదలకుండా కూర్చుని మొదలుపెడితే సగం గొడవ తగ్గుతుంది.

బుడగలకి వేరే పనిముట్టు కూడా ఉంది, గరాటు. అర మీటరు గరాటును నీళ్లలో బోర్లించి, కొసకు నీళ్లు నిండిన సిరంజి గొట్టం బిగించి, 24 గంటలు వదిలేయాలి. బుడగలు చేరి నీళ్లను కిందికి తోస్తాయి, గొట్టం మీద గీతలు చూసి పరిమాణం రాసుకోవచ్చు. పాళ్లు మాత్రం తాజా బుడగలోనే చూడాలి. రోజంతా నిలవున్న వాయువులోంచి మీథేన్ తిరిగి నీళ్లలోకి కరిగి పోతుంటుంది.

నీళ్లలో కరిగినది చూడటం తేలిక, ఇదిగో. 60 మిల్లీలీటర్ల సిరంజిలో 30 నీళ్లు, బుడగ చేరకుండా. మీద 30 గాలి. స్టాప్‌కాక్ మూసి రెండు నిమిషాలు గట్టిగా ఊపాలి. (సిరంజి ఊపుతూ) మీథేన్‌కి నీళ్లంటే పడదు, 97 శాతం దాకా గాలిలోకి వచ్చేస్తుంది. ఆ గాలిలో 50 పిపిఎం తేలితే, మనం పోసిన గాలిలోని 2 తీసేసి లెక్కిస్తే నీళ్లలో లీటరుకు సుమారు 2 మైక్రోమోల్. గాలితో సమతూకంలో ఉన్న నీళ్లలో ఉండాల్సింది 2, 2.5 నానోమోల్ (మైక్రోమోల్‌లో వెయ్యో వంతు నానోమోల్). అంటే 800 నుంచి వెయ్యి రెట్లు. పోసిన గాలిని వేరే సీసాలో పట్టి కొలవడం మరవకూడదు. ఆవ మీద గాలి 2 దగ్గరే ఆగుతుందని లేదు, గాలి వీచని తెల్లవారుజామున బాగా పెరుగుతుంది.

ఇన్ని బకెట్లు కలిపితే ఒక ఖండం లెక్క రాదు గదా. పైనుంచి చూడాలి. 2019లో హిందూ మహాసముద్రం పశ్చిమాన వేడెక్కి తూర్పున చల్లబడింది, దీన్నే డైపోల్ అంటారు, ఆ ఏడు అది బలంగా వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో కుండపోత. విక్టోరియా సరస్సు మట్టం 2020 మేలో 1964 నాటి రికార్డును దాటింది. ఆ నీళ్లు నెలల తరబడి దిగువకు నడిచి సద్ద్‌లో పరుచుకున్నాయి. ఆ చిత్తడి మీద మీథేన్ పెరగడాన్ని ఉపగ్రహాలు చూశాయి. వాన పడిన చోటు ఒకటి, మీథేన్ లేచిన చోటు ఇంకొకటి, మధ్యలో నెలల ఎడం. స్థానిక వానను బట్టి చిత్తడి విస్తీర్ణం కట్టే కంప్యూటర్ మోడల్ ఇక్కడ బోల్తా పడుతుంది. జాంబియాలో బాంగ్వెయులు, కఫ్వే, లుకాంగా చిత్తడుల మీద 2019లో బ్రిటన్ పరిశోధన విమానం ఎగిరి కొలిచినప్పుడు కూడా మోడళ్లు చెప్పినదానికంటే చాలా ఎక్కువే కనిపించింది.

ఉపగ్రహానికీ కష్టాలున్నాయి. 2017 అక్టోబర్‌లో ఎగిరిన సెంటినెల్-5పి ఉపగ్రహం మీది ట్రోపోమి అనే పరికరం నేల మీంచి తిరిగొచ్చే ఎండలో మీథేన్ మింగిన భాగాన్ని చూస్తుంది. మబ్బు పడితే చూడలేదు. నీళ్లు ఆ వెలుగును తిప్పి పంపవు, నల్లగా కనిపిస్తాయి. అంటే మనకు కావలసిన రోజుల్లో, కావలసిన చోట్లోనే దాని కళ్లు మూతపడతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన ఆకాశం సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్లెక్కడున్నాయో చూడటానికి మాత్రం రాడార్ ఉంది. పొడవైన ఎల్-బ్యాండ్ అలలు మబ్బునే కాదు, ఆకుల్నీ దాటి, కింద నీటికీ మానుకీ తగిలి తిరిగొస్తాయి. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచే వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో నాసా ఎల్-బ్యాండ్, ఇస్రో ఎస్-బ్యాండ్ రెండూ ఉన్నాయి, 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. తుంగ కింద, చెట్ల కింద దాగిన ముంపు ఎప్పుడు వచ్చి ఎప్పుడు తీసిందో దాంతో తేలుతుంది. నీళ్లు దిగే వారాలు ఏవో ముందే తెలిస్తే బకెట్లు, గరాటులు అప్పుడే పట్టుకెళ్లొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మరి ఈ ఆవల్ని ఎండగట్టేస్తే మీథేన్ పీడ పోతుంది కదా?)

మీథేన్ పోతుంది. కానీ నీళ్ల కింద చివకకుండా దాగిన కార్బన్‌కి గాలి తగులుతుంది, మొదటి బంతి మళ్లీ మొదలు, కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. కాంగో మధ్య పల్లంలోని పీట్ నేలల్లోనే, అంటే సగం చివికిన మొక్కలు పేరుకున్న నేలల్లోనే, సుమారు 3,000 కోట్ల టన్నుల కార్బన్ ఉంది. పైగా కొల్లేరు లాంటిది బుడమేరు, తమ్మిలేరు వరదను పట్టి ఉప్పుటేరుకు మెల్లగా వదిలే గిన్నె. గిన్నె తీసేస్తే ఆ నీళ్లు ఎవరి ఇంట్లోకి వెళ్తాయో చెప్పక్కర్లేదు. కొల్లేటిలో చేపల చెరువుల లెక్క సరస్సు లెక్కతో కలపకూడదు. మేత పడి, పెంట పేరుకున్న అడుగు వేరే రకం బురద. అక్కడ తగ్గించగలిగింది మనుషుల చేతిలో ఉంది.

(ప్రశ్న: వరి మడుల్లో?)

అక్కడ మీట మన చేతిలోనే ఉంది. చిల్లులు పెట్టిన గొట్టాన్ని నేలలోకి దించి, నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టడం. పూత సమయంలో మాత్రం నీళ్లు నిలపాలి. సరిగ్గా చేస్తే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. నత్రజని ఎరువు విచ్చలవిడిగా వేస్తే నైట్రస్ ఆక్సైడ్ పెరిగి ఆ లాభంలో కొంత తినేస్తుంది.

(ప్రశ్న: అంత గ్యాస్ ఊరికే పోతోంది కదా సార్, పట్టి వంటకు వాడుకోలేమా?)

ఇందాకటి లెక్కే తీసుకుందాం. చదరపు మీటరుకు రోజుకు 120 మిల్లీగ్రాములు. ఇంట్లో సిలిండర్ 14.2 కిలోలు. మీథేన్‌లో కిలోకి వేడి కాస్త ఎక్కువ గనక 13 కిలోలు చాలనుకోండి. దానికి లక్షా ఎనిమిది వేల చదరపు మీటర్లు కావాలి. అంటే ఇరవై ఆరు, ఇరవై ఏడు ఎకరాల ఆవ మీద గాలి చొరకుండా పరదా కప్పి, ఒక పగలూ ఒక రాత్రీ కాపలా కాస్తే ఒక్క సిలిండర్. ఆ పరదా కొనే డబ్బుతో ఊరంతటికీ గోబర్ గ్యాస్ తొట్లు కట్టించొచ్చండి.